22 బడులకు 18 లక్షలు: ప్యానెళ్ళ కొటేషన్ పక్కన పెట్టి ముందు సాకెట్లు చూడండి

ఎంఈవో (మండల విద్యాధికారి) సార్ నమస్కారం. మీరు అడిగింది ఇది. మీ మండలంలో 2 జడ్పీ హైస్కూళ్ళు, 3 యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూళ్ళు, 17 ప్రైమరీ స్కూళ్ళు ఉన్నాయి. ప్రైమరీల్లో ఆరు ఏకోపాధ్యాయ బడులు. అమెరికాలో, హైదరాబాదులో స్థిరపడిన మీ మండలం వాళ్ళు కలిసి 18 లక్షలు ఇస్తామంటున్నారు. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి ఒక్కోటి 80 వేల చొప్పున 22 టచ్ ప్యానెళ్ళకు (బోర్డులా వాడే పెద్ద టచ్ తెరలకు) కొటేషన్ ఇచ్చి వెళ్ళారు. అవి తీసుకోవాలా, వేరే ఏమైనా కొనాలా, అసలు ప్లాను ఎక్కడ మొదలుపెట్టాలి?

22ని 80 వేలతో గుణిస్తే 17 లక్షల 60 వేలు. మీ డబ్బుకి కొలతలు తీసి కుట్టిన చొక్కాలా ఉంది. ఆ కొటేషన్ రాసినాయన మీ బడులేవీ చూసి ఉండడు, మీ దగ్గర ఎంత ఉందో మాత్రం కనుక్కున్నాడు. మిగిలిన 40 వేలు ప్రారంభోత్సవం రోజు షామియానాకి, శాలువాలకి సరిపోతాయి. మర్నాడు ఒక ప్యానెల్ వెలగకపోతే మెకానిక్ ఆటో చార్జీకి కూడా మీ జేబులోంచే తీయాలి.

మార్కాపురం వైపు మండలాల్లో టీచరుగా, హెచ్ఎంగా, మధ్యలో కొన్నాళ్ళు ఇన్‌ఛార్జ్ ఎంఈవోగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. బడిలోకి సామాను రావడం చాలాసార్లు చూశాను, అది మూలకు చేరడం కూడా అన్నిసార్లూ చూశాను. అందుకే మీకు చెప్పేది ఒక్కటే. 18 లక్షల్లో తెరలు, కంప్యూటర్లు, ఇన్వర్టర్లు అన్నీ కలిపినా సగం దాటకూడదు. మిగతా సగం వైరింగుకి, ఒక మనిషికి, రెండో ఏడాది నుంచి అయిదో ఏడాది దాకా వచ్చే రిపేర్లకి. దాతలకి ఇది నచ్చదు. నచ్చజెప్పడం మీ పని, అందులో నేనేమీ సాయం చేయలేను.

నాకు 11 ఏళ్ళప్పుడు కర్నూలు జిల్లాలో మా మేనమామ వాళ్ళ ఊళ్ళో మొదటిసారి టీవీ చూశాను. 1975 ఆగస్టులో ఇస్రో వాళ్ళు సైట్ అనే ప్రయోగం మొదలుపెట్టారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి ఉపగ్రహం ద్వారా నేరుగా ప్రసారం, నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. కోళ్ళ గూడుకి కొట్టే జాలీలాంటి దానితో చేసిన పదడుగుల గొడుగు, దాని కింద టీవీ పెట్టె. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం రైతులకి. జనం చాపలు తెచ్చుకుని కూర్చునేవారు. సరిగ్గా ఏడాదికి, 1976 జులై 31న ఆగిపోయింది, ఎందుకంటే ఆ ఉపగ్రహం నాసా వాళ్ళది, ఏడాదికే ఇచ్చారు. ఇస్రో వాళ్ళు దాన్ని ప్రయోగమనే చెప్పారు, అందులో వాళ్ళు నేర్చుకున్నది చాలా ఉంది. కానీ ఆ ఊరికి మిగిలింది గొడుగు జాలీ. మా మామయ్య దాన్ని నిజంగానే కోళ్ళకి వాడాడు.

తర్వాత 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వేల హైస్కూళ్ళకి కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ప్రైవేటు ఏజెన్సీలతో అయిదేళ్ళ ఒప్పందం, ఇన్‌స్ట్రక్టర్లు కూడా వాళ్ళ మనుషులే. ఒప్పందం ముగిశాక కంప్యూటర్లు బడికి మిగిలాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఇంటికెళ్ళారు. మా బడిలో ఆ గదికి తాళం వేసి, తాళం చెవి ఏ డ్రాయర్‌లో పెట్టామో మర్చిపోయాం. తప్పు నాది కూడా.

ఇక పనిలోకి వద్దాం. మొదటి రెండు వారాలు ఏమీ కొనకండి. 22 బడులూ మీరే తిరగండి. బడుల సమాచారం సేకరించే సీఆర్‌ఎంటీలకు గూగుల్ ఫారం పంపితే 'వర్కింగ్ కండిషన్' అన్న చోట అందరూ 'ఎస్' అనే నింపుతారు, లేకపోతే మళ్ళీ ఎవరో ఫోన్ చేసి విసిగిస్తారని. మీరు వెళ్ళి స్విచ్ వెయ్యండి. మా మండలంలో మేం అలా తిరిగినప్పుడు బీరువాల్లో ఏం దొరికాయో చెబితే నవ్వుతారు. టేపు కూడా తీయని ప్రొజెక్టర్ ఒకటి. కీబోర్డు లోపల చీమల పుట్ట. రిమోట్‌లో సెల్స్ కారిపోయి రెండేళ్ళుగా ఆగిన టీవీ ఇంకొకటి. 150 రూపాయల రిమోట్ తెస్తే వెలిగింది. మీ హైస్కూళ్ళకి నాడు-నేడు రెండో విడతలో ప్యానెళ్ళు, కొన్ని ప్రైమరీలకి స్మార్ట్ టీవీలు వచ్చే ఉంటాయి. అవి ఎన్ని, ఎన్ని వెలుగుతున్నాయి, వెలిగేవాటిలో ఎన్ని పాఠానికి వాడుతున్నారు అని మూడు అంకెలు రాసుకోండి. మొదటి అంకెకీ మూడో అంకెకీ మధ్య ఉన్న దూరమే మీ అసలు సమస్య. కొత్తవి కొంటే ఆ దూరం పెరుగుతుంది.

ఎందుకు వాడట్లేదని అడిగితే టీచర్లు నెట్ లేదు, టైం లేదు, సిలబస్ అవ్వలేదు అంటారు. టీ తాగుతూ మెల్లగా అడిగితే వేరేది చెబుతారు. పాడైతే ఎవరు కట్టాలి? స్టాక్ రిజిస్టర్‌లో హెచ్ఎం సంతకం ఉంటుంది. రేపు బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించాలి. పగిలినదో, కాలిపోయినదో ఉంటే లాస్ట్ పే సర్టిఫికెట్‌లో రికవరీ రాస్తారేమోనన్న టెన్షన్ ఎవరికి కావాలి? బీరువాలో పెట్టి తాళం వేస్తే ఏ గొడవా లేదు. లక్ష రూపాయల వస్తువు అంటే భయం ఇంకా ఎక్కువ. కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మీరు చేయగలిగిన మొదటి పని: పాఠం చెబుతుండగా పాడైన పరికరానికి టీచర్ నుంచి రికవరీ ఉండదు, మండల రిపేరు నిధి నుంచి బాగు చేయిస్తాం అని హెచ్ఎంల మీటింగులో రాతపూర్వకంగా ఇవ్వండి. డీఈవో గారి దగ్గర ముందే మాట తీసుకోండి. మేం ఆ కాగితం ఇచ్చిన నెలకి నాలుగు బడుల్లో బీరువాలు తెరుచుకున్నాయి, ఏ ట్రైనింగూ లేకుండానే.

తర్వాత కరెంటు. ఊరి ఎలక్ట్రీషియన్‌ని ఒక మల్టీమీటర్‌తో వెంట తీసుకెళ్ళండి. ప్రతి గదిలో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. మా పాత బడుల్లో సగంపైన ఎర్త్ దగ్గర ముల్లు కదల్లేదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఎర్త్ ఉన్నచోట కూడా వేసవిలో గుంత ఎండిపోయి పనిచేయదు. బొగ్గు, ఉప్పు వేసి కొత్తగా తీయించి, ఏప్రిల్, మే నెలల్లో వారానికి ఒక బిందె నీళ్ళు పోయమని ఆయమ్మకి చెప్పాలి. టీవీ గదికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే ఆగే స్విచ్), ఒక మంచి స్టెబిలైజర్. ఉరుములు మొదలైతే ప్లగ్గూ, డిష్ కేబులూ రెండూ పీకాలి. స్విచ్ ఆపితే చాలనుకుని మేం ఒక టీవీ పోగొట్టుకున్నాం. పిడుగు బడి మీద పడలేదు, పక్క పొలంలో చింతచెట్టు మీద పడింది.

ఇన్వర్టర్ ప్రతి బడికీ అక్కర్లేదు. మీ 22లో ఎనిమిదింటికి కావాలేమో. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. నేను దాన్ని 1,000 అనే లెక్కేస్తాను, నష్టాలు పోను, బ్యాటరీ అడుగంటా వాడకుండా. 43 అంగుళాల టీవీ, స్పీకరు, ఒక ఎల్ఈడీ ట్యూబు కలిపి 120 వాట్లు అనుకుంటే 8 గంటలు వస్తుంది. బడికి రోజుకి రెండు గంటలు చాలు. మరి ఎందుకు చాలట్లేదంటారు? మా దగ్గర ఎవరో ఆఫీసు రూము, స్టాఫ్ రూము ఫ్యాన్లు నాలుగూ అదే లైనుకి కలిపారు. ఫ్యాను 75 వాట్లు, నాలుగు ఫ్యాన్లు 300. అప్పుడు ఎనిమిది గంటలది రెండు గంటల చిల్లరకి దిగింది, ఆ రెండు గంటలూ ఫ్యానుకే పోయాయి. ఎండల్లో తప్పు పట్టలేం, కానీ ఇన్వర్టర్ నుంచి టీవీ గదికి ఒక్క లైనే, బయటికి కనిపించేలా కేసింగులో లాగించండి. డిస్టిల్డ్ వాటర్ మూడు నెలలకోసారి చూడాలి. ఎవరు చూడాలో పేరు రాయకపోతే ఎవరూ చూడరు. బాగా చూసుకుంటే బ్యాటరీ నాలుగైదేళ్ళు వస్తుంది, తర్వాత మార్చాల్సిందే. ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు తెర. ప్రైమరీలో 15 నుంచి 25 మంది పిల్లలుంటే 43 అంగుళాల మామూలు టీవీ చాలు, టచ్ అవసరం లేదు. నేను వాడే లెక్క ఏంటంటే, తెర మీద అక్షరం చదవాలంటే చివరి పిల్లవాడు తెర ఎత్తుకి ఆరు రెట్ల దూరం లోపల ఉండాలి. 43 అంగుళాల టీవీ ఎత్తు దాదాపు 21 అంగుళాలు, అంటే పదిన్నర అడుగులు. పిల్లలు కింద చాప మీద దగ్గరగా కూర్చుంటే సరిపోతుంది. హైస్కూలు గదిలో 45 మంది బెంచీల మీద ఉంటే 65 అంగుళాలది కావాలి, దానికి 16 అడుగులు వస్తుంది. ఇది ఇంగ్లీషు అక్షరాలకి పెట్టుకున్న లెక్క. మన తెలుగుకి ఒత్తులున్నాయి. 'లక్ష్మి', 'మత్స్యం' అని తెర మీద పెట్టి చివరి వరుసలో చాప మీద కూర్చుని కింద ఉన్న ఒత్తు ఏంటో చదవండి. చదవలేకపోతే ఆ గదికి ఆ టీవీ చిన్నది, లేదా అక్షరం సైజు పెంచాలి. కంపెనీ వాళ్ళ డెమోలో ఎప్పుడూ గుండె కొట్టుకోవడం, గ్రహాలు తిరగడం చూపిస్తారు. తెలుగు పాఠం పేజీ ఒకటి చూపించమనండి.

టీవీని ఎక్కడ బిగించాలన్నది కూడా చిన్న విషయం కాదు. కిటికీకి ఎదురు గోడ మీద పెడితే తెర మీద కిటికీయే కనిపిస్తుంది. దొంగల భయంతో ఏడడుగుల ఎత్తున పెడతారు, కింద కూర్చున్న ఒకటో తరగతి పిల్లలు మెడ పట్టేసి అరగంటలో పడుకుంటారు. మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తున పెట్టి, వడ్రంగితో తలుపుల పెట్టె చేయించి తాళం వెయ్యండి. చెదలున్న గోడైతే ఇనప పెట్టె. సంక్రాంతి సెలవులకీ వేసవి సెలవులకీ టీవీ ఊడదీసి ఊళ్ళో బడి కమిటీ చైర్మన్ ఇంట్లో పెట్టించేవాళ్ళం, రశీదు రాయించుకుని. డిష్ ఉంటే కోతులు వదలవు, కేబుల్ పైపులో వేయించాలి. ఇంకో సంగతి ఎవరూ ప్లానులో రాయరు. మన బడులే పోలింగ్ బూత్‌లు. ఎన్నికలప్పుడు టీవీ గది ఇవ్వాల్సి వస్తే, ముందు రోజు రాత్రి వచ్చే సిబ్బంది అదే సాకెట్‌లో ఫోన్లు, టేబుల్ ఫ్యాన్లు పెడతారు. వీలైతే ఆ గది కాకుండా పక్క గది ఇవ్వండి.

ఏ బడికి ఏది అన్నది అసలైన ప్రశ్న, దీని మీదే నేను ఎక్కువ ఆలోచించాను.

ఏకోపాధ్యాయ బడుల్లో టీవీ విలువ మీరు అనుకునేదానికంటే ఎక్కువ. అయిదు తరగతులు, ఒక్క మనిషి. మూడు, నాలుగు, అయిదు తరగతుల వాళ్ళకి 20 నిమిషాల పాఠం తెర మీద నడుస్తుంటే, టీచరమ్మ ఒకటి, రెండు తరగతుల పిల్లల పక్కన కూర్చుని గుణింతాలు చేయించగలదు. ఆ 20 నిమిషాలు ఆమెకి ఇంకెక్కడా దొరకవు. కాకపోతే 20 నిమిషాలు గంటన్నర అయిపోయే ప్రమాదం ఉంది. రిపోర్టులు అప్‌లోడ్ చేసే రోజున టీవీయే టీచర్ అవుతుంది. అందుకే మేం పెట్టుకున్న నియమం: వీడియో అయ్యాక పిల్లలు నోటు పుస్తకంలో ఏదో ఒకటి రాయాలి, మూడు మాటలైనా సరే. రాసింది ఉంటే పాఠం జరిగినట్టు.

ప్రైమరీలో వీడియోల కంటే కథలు ఎక్కువ పనికొచ్చాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీ వీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో ఉచితంగా దొరుకుతాయి, స్థాయిల వారీగా ఉంటాయి, పీడీఎఫ్ దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. పెద్ద తెర మీద పేజీ ఆపి, పిల్లలందరూ కలిసి వేలు చూపిస్తూ చదవడం. చదవడం రాని అయిదో తరగతి పిల్లవాడు అందరి గొంతులో గొంతు కలిపి సిగ్గు లేకుండా చదువుతాడు. దీనికి టచ్ వద్దు, నెట్ వద్దు.

హైస్కూళ్ళకి కొత్త ప్యానెళ్ళు కొనకండి. ఉన్నవి బాగు చేయించి, ఒక్కో బడిలో పది ల్యాప్‌టాపులైనా పిల్లల చేతికి అందేలా చూడండి. ఫిజికల్ సైన్స్ సార్లకి కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు, మ్యాథ్స్ వాళ్ళకి జియోజీబ్రా చూపించండి. రెండూ ఉచితం, ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. ఓమ్ నియమం బోర్డు మీద పదిసార్లు చెప్పినదాని కంటే పిల్ల తనే రెసిస్టెన్స్ పెంచి బల్బు మసకబారడం చూస్తే గుర్తుంటుంది. అయితే నిజం బల్బు, బ్యాటరీ ల్యాబులో ఉంటే అదే ముందు చేయించండి. ఉన్న సర్క్యూట్ బోర్డు దుమ్ము పట్టి ఉండగా సిమ్యులేషన్ చూపించే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

దాతల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళుంటే పిల్లకో ట్యాబ్ అని పట్టుబడతారు. వాళ్ళకి రెండు సంగతులు చెప్పండి. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకి లక్షల ల్యాప్‌టాపులు పంచారు. 319 బడుల్లో అధ్యయనం చేసి 2012లో బయటపెట్టిన ఫలితాల్లో లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన జాడ కనపడలేదు. అదే ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రాం మీద కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనంలో నాలుగున్నర నెలల్లోనే మంచి మెరుగుదల కనిపించింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఆ ప్రోగ్రాం ఏ తరగతి పిల్లవాడో చూడకుండా వాడు నిజంగా ఎక్కడున్నాడో కనిపెట్టి అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చింది, పక్కన చిన్న గుంపుగా కూర్చోబెట్టి చెప్పే మనిషి కూడా ఉన్నాడు. రెండు చోట్లా తెర ఉంది. తేడా తెరలో లేదు కదా. ట్యాబులు కొంటే హైస్కూలుకి 20 కొని, వెనకబడిన పిల్లలకి రోజూ ఒక పీరియడ్ అలా వాడండి. అంతకు మించి వద్దు.

ఇంటర్నెట్ గురించి ఎక్కువ రాయను. భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఉంటుంది, బడి ఊరి చివర ఉంటుంది. హైస్కూళ్ళు రెండింటికీ కనెక్షన్ పెట్టించండి. మిగతా 20 బడులకి నెట్ లేదనుకునే ప్లాను వెయ్యండి. స్కూల్ కాంప్లెక్స్‌కి (దగ్గరి బడుల గుంపుకి) ఒక హార్డ్ డిస్క్, బడికి ఒక పెన్‌డ్రైవ్. నెలనెలా మీటింగుకి వచ్చినప్పుడు టీచర్ పెన్‌డ్రైవ్ తెచ్చి రాబోయే నెల పాఠాలు ఎక్కించుకుని వెళ్ళాలి. ప్రభుత్వ ఉచిత పాఠాల పోర్టల్ దీక్షాలో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్‌లకి ఉన్నవి, టీచర్లు సొంతంగా చేసినవి, కథలు, అన్నీ తరగతి పేరు, పాఠం పేరుతో తెలుగులో ఫోల్డర్లు. నెట్ లేకుండా పాఠాలు అందించే కొలిబ్రి లాంటి ఆఫ్‌లైన్ సర్వర్లు ఉన్నాయి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి, నాకు ఇష్టమే. కానీ దాన్ని చూసుకునే ఆసక్తి ఉన్న టీచర్ ఉన్న బడిలోనే పెట్టండి. ఆయన బదిలీ అయితే అది గోడకి వేలాడే డబ్బాయే.

మనిషి గురించి. మండల కేంద్రంలో టీవీలు, ఫోన్లు బాగు చేసే కుర్రాడు ఎవరో ఒకరుంటారు. డిప్లొమా చదివినవాడైతే మరీ మంచిది. నెలకి 6,000 ఇచ్చి, నెలలో ప్రతి బడికి ఒకసారి వెళ్ళేలా, ఫోన్ చేస్తే మూడు రోజుల్లో వచ్చేలా మాట్లాడుకోండి. కంపెనీ 'ఆన్‌సైట్ వారంటీ' అంటుంది. ఆ ఇంజినీరు వంద కిలోమీటర్ల దూరం నుంచి రావాలి, ఆ వైపు ఇంకో మూడు కంప్లయింట్లు పోగైతేనే బయల్దేరతాడు. 43 అంగుళాల టీవీ పాడైతే ఆటోలో వేసి పంపొచ్చు. 75 అంగుళాల ప్యానెల్‌ని దించడానికే నలుగురు కావాలి. అన్ని బడులకీ ఒకే మోడల్ కొని, రెండు టీవీలు అదనంగా ఎమ్మార్సీలో (మండల వనరుల కేంద్రంలో) ఉంచండి. ఒకటి పాడైతే ఆ రోజే మార్చేసి, పాడైనది తీరిగ్గా బాగు చేయించవచ్చు. బడికి సంబంధించినంతవరకు పాఠం ఆగలేదు. ఎవరి దగ్గర కొన్నా సరే, వాళ్ళు మూడేళ్ళ కింద పెట్టిన రెండు బడుల పేర్లు అడగండి. హెచ్ఎంకి కాకుండా అటెండర్‌కి ఫోన్ చేయండి. నిజం అక్కడ దొరుకుతుంది.

కేరళ వాళ్ళని చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ కైట్ అనే సంస్థ ద్వారా 45,000 తరగతి గదులకి ల్యాప్‌టాపు, ప్రొజెక్టర్ పెట్టారు. అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి, లైసెన్సు ఖర్చు లేదు. 2018 నుంచి హైస్కూళ్ళలో లిటిల్ కైట్స్ అని పిల్లల క్లబ్బులు పెట్టారు, కంప్యూటర్ పనుల్లో బడికి ఆ పిల్లలే ఆసరా. మీరు అంత పెద్దగా చేయలేరు. కానీ ప్రతి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురికి, అందులో నలుగురు ఆడపిల్లలకి, ఆ టెక్నీషియన్ కుర్రాడి చేత రెండు శనివారాలు నేర్పించండి. కేబుల్ పీకి పెట్టడం, వైరస్ స్కాన్, పెన్‌డ్రైవ్ ఫార్మాట్. సార్ల కంటే భయం తక్కువ వాళ్ళకి. (అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాలు కొత్త కంప్యూటర్లో గజిబిజిగా కనిపిస్తున్నాయని ప్రతి బడిలో ఒకరు మిమ్మల్ని పట్టుకుంటారు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనికి కూడా ఈ పిల్లలే దిక్కయ్యారు మాకు.)

టీచర్ల ట్రైనింగ్ విడిగా పెట్టకండి. ఒక రోజంతా పీపీటీ చూపించి పులిహోర ప్యాకెట్ ఇచ్చి పంపితే మర్నాటికి పులిహోరే గుర్తుంటుంది. కాంప్లెక్స్ మీటింగ్‌లో నెలకి ఇద్దరు టీచర్లు తాము నిజంగా చెప్పిన పాఠం 15 నిమిషాలు చెప్పి చూపించాలి. తప్పులతో సహా. పక్క ఊరి టీచర్ చేసిందంటే మనమూ చేయొచ్చన్న ధైర్యం వస్తుంది. వాడకం నమోదుకి ఇంకో యాప్ మాత్రం దయచేసి పెట్టొద్దు, ఉన్న యాప్‌లకే ఫోన్లు నిండిపోయాయి. కిరాణా కొట్టు క్యాలెండర్ ఒకటి టీవీ పక్కన వేలాడదీసి, వాడిన రోజు పిల్లల చేత టిక్కు పెట్టించండి. మీరు వెళ్ళినప్పుడు క్యాలెండర్ చూస్తే చాలు.

ఇక డబ్బు. ముందు ఒక హెచ్చరిక. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇస్తే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని ఊరి సంఘమో, పూర్వ విద్యార్థుల సంఘమో దాన్ని తీసుకోకూడదు. ఎవరెవరు ఇస్తున్నారో జాబితా తీసుకుని ఒక ఆడిటర్‌కి చూపించండి. మీరు మాత్రం ఒక్క రూపాయి కూడా మీ ఖాతాలోకి రానివ్వకండి, ఎంత మంచి ఉద్దేశమైనా.

నేనైతే 18 లక్షలు ఇలా వేస్తాను. వైరింగు, ఎర్తింగు, ఎంసీబీలు 20 చిన్న బడులకి సగటున 12 వేల చొప్పున 2 లక్షల 40 వేలు. టీవీ, పెట్టె, స్పీకరు కలిపి 33 వేల చొప్పున 14 సెట్లు, 4 లక్షల 62 వేలు. 12 బడులకి, రెండు స్పేరు. మిగతా బడుల్లో ఉన్న టీవీలే బాగుపడతాయని నా అంచనా, మీరు తిరిగాక ఈ అంకె మారొచ్చు. ఇన్వర్టర్లు ఎనిమిది, 25 వేల చొప్పున 2 లక్షలు. హైస్కూల్ ల్యాబులు రెండూ బాగు చేయించడానికి, కొన్ని ల్యాప్‌టాపులకి 2 లక్షలు. సెకండ్ హ్యాండ్‌లో కంపెనీలు తీసేసినవి వారంటీతో దొరికితే ఆ డబ్బుకి ఎక్కువ వస్తాయి. ట్యాబులు ఇందులో లేవు, కావాలంటే దాతల్ని వేరే అడగండి. టెక్నీషియన్‌కి మూడేళ్ళు, 2 లక్షల 16 వేలు. మొత్తం 13 లక్షల 18 వేలు. మిగిలిన 4 లక్షల 82 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్, దాతల్లో ఇద్దరు, కమిటీలో ఒకరు కలిసి సంతకం చేస్తేనే వచ్చేలా. నాలుగో ఏట బ్యాటరీలు, అయిదో ఏట టీవీలు అక్కడి నుంచి రావాలి. నా ధరలు మా వైపు షాపుల లెక్క, మీ దగ్గర అటూ ఇటూ అవుతాయి.

అన్నీ ఒక్కసారి కొనకండి. ఇప్పటికే తన ఫోన్లో పిల్లలకి వీడియోలు చూపిస్తున్న టీచర్లు మీ మండలంలో అయిదుగురైనా ఉంటారు. మొదటి అయిదు సెట్లు వాళ్ళ బడులకే. లాటరీ వద్దు, ఏ నాయకుడి సొంత ఊరన్నదీ వద్దు, ఆ ఒత్తిడి వస్తుందని తెలిసే చెబుతున్నాను. వైరింగ్ పని వేసవి సెలవుల్లో, జూన్ 12న బడి తెరిచేసరికి అయిదు చోట్ల టీవీ వెలగాలి. దసరా దాకా క్యాలెండర్లలో టిక్కులు లెక్కపెట్టి, అప్పుడు మిగతా తొమ్మిది సెట్లకి ఆర్డరు పెట్టండి. ప్రారంభోత్సవం కూడా అప్పుడే పెట్టుకుంటే, రిబ్బన్ కత్తిరించే ఆయనకి చూపించడానికి పాఠం ఉంటుంది.

మల్టీమీటర్ రీడింగులు, ఆ మూడు అంకెలు బడి వారీగా రాసి పెట్టండి. ఏ ఎనిమిది బడులకి ఇన్వర్టర్ కావాలో అవి చూసి చెబుతాను. కరెంటు ఎప్పుడు పోతుందన్న లెక్క మాత్రం ఆఫీసులో తీసుకోకండి, ప్రతి ఊళ్ళో పిండిమర ఆయన్ని అడగండి.